రొట్టె తినే పంజాబ్‌కి వరి ఎందుకు?

వరి కోతలు మొదలయ్యాయంటే తెలుగు ఊళ్ళలోకి పంజాబ్ నుంచి కోత మిషన్లు దిగడం చాలా ఏళ్ళుగా మనం చూస్తున్నదే. మిషన్ నడిపే సర్దార్జీ పొద్దంతా వరి కోస్తాడు. పొద్దుగూకాక మిషన్ పక్కనే స్టవ్ వెలిగించి రొట్టెలు కాల్చుకుంటాడు. వరి అతనికి పని, రొట్టె అతనికి తిండి. పంజాబ్ సేద్యం అనే చిక్కుముడికి ఒక కొస ఇక్కడే దొరుకుతుంది.

గత కొన్నేళ్ళుగా పంజాబ్ రైతు వార్తల్లోంచి పోవడం లేదు. 2020–21లో ఏడాది పైగా ఢిల్లీ సరిహద్దుల్లో బైఠాయింపు. 2024–25లో పంజాబ్–హర్యానా సరిహద్దులోని శంభూ, ఖనౌరీల దగ్గర మళ్ళీ శిబిరాలు, నిరాహార దీక్ష. 2025 వేసవిలో భూ సమీకరణ గొడవ, అది చల్లారీ చల్లారకముందే వరదలు. ఇవన్నీ దూరం నుంచి చూసే మనవాళ్ళు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. దేశంలో ఎక్కువ సంపాదించే రైతుల్లో వాళ్ళు ముందుంటారుగా, ఇంకా ఏం కావాలి? భూమిలో నీళ్ళు అడుగంటుతుంటే ఆ వరేదో మానేయొచ్చుగా?

రెండూ అడగాల్సిన ప్రశ్నలే. వీటికి చాలామంది ఇచ్చే జవాబు “వ్యవసాయం పంజాబీ సంస్కృతికి ప్రాణం” అన్న ఒక్క ముక్క. ఆ ముక్కలో నాలుగు వేరువేరు విషయాలు కలగలిసిపోయాయి. నేల ఎవరిది? పంట ఏది? ఒళ్ళు వంచేది ఎవరు? కొనేది ఎవరు? ఒకప్పుడు ఈ నాలుగింటికీ జవాబు ఊళ్ళోనో పక్కూరి సంతలోనో దొరికేది. ఇప్పుడు నేల ఒకరిది, చెమట ఇంకొకరిది, పంటను నిర్ణయించేది ఢిల్లీ గోదాము. గొడవలన్నీ ఈ ఎడంలోంచి పుడుతున్నవే.

## ముందు కొన్ని మాటలు

పంజాబీ రైతు పొలాన్ని కిల్లాల్లో చెబుతాడు. కిల్లా అంటే దాదాపు ఎకరం. 20 మర్లాలు ఒక కనాల్, 8 కనాళ్ళు ఒక కిల్లా. కౌలును థేకా అంటారు, ఏడాదికి ఎకరానికి ఇంత అని నగదు లెక్క. వరిని ఝోనా అంటారు. గోధుమను కనక్ అంటారు. మనకి కనకం బంగారం, వాళ్ళకి కనక్ అన్నం పెట్టే గింజ. ఈ పోలిక నాకు భలే నచ్చుతుంది.

మన దేశంలోని పంజాబ్‌ను మూడు ముక్కలుగా చెప్పుకుంటారు. అమృత్‌సర్ ఉన్న సరిహద్దు వైపు మాఝా. బియాస్, సట్లెజ్ నదుల మధ్య, జలంధర్ ఉన్నది దోఆబా. సట్లెజ్‌కి దక్షిణాన విశాలంగా పరుచుకున్నది మాల్వా. విదేశాలకు పోయే అలవాటు దోఆబాలో పాతది. పెద్ద రైతు సంఘాల బలం ఎక్కువగా మాల్వాలో ఉంది. 1947కి ముందు ఒక్కటిగా ఉన్న పంజాబ్‌లో పెద్ద భాగం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఇక్కడ చెప్పేది ఎక్కువగా ఇవతలి పంజాబ్ గురించే.

## నాగలి పట్టిన గురువు, మంట చుట్టూ పండగ

గురునానక్ తన చివరి పదిహేడు పద్దెనిమిదేళ్ళు రావి ఒడ్డున కర్తార్‌పూర్‌లో గడిపాడు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్ వైపు ఉంది. అక్కడ ఆయన పొలం దున్ని పంట పండించాడు. పండినదాన్ని వచ్చినవాళ్ళందరితో ఒకే బంతిలో కూర్చుని తిన్నాడు. కష్టం చేసి బతుకు, దేవుణ్ణి తలుచుకో, ఉన్నది పంచుకుని తిను అనే మూడు సూత్రాలను సిక్కులు ఆయన బోధగా చెప్పుకుంటారు. మనసే దున్నేవాడు, ఒళ్ళే పొలం అనే పోలిక ఆయన వాణిలో ఉంది. మత గురువే నాగలి పట్టిన చోట సేద్యాన్ని చిన్నచూపు చూడటం కష్టం.

గురుద్వారాలో అందరికీ అన్నం పెట్టే లంగర్‌కి ఊళ్ళ నుంచి గోధుమలు, పప్పు, పాలు వస్తాయి. 2020 నవంబర్‌లో ఢిల్లీ శివార్లలో వేలమందికి పూటపూటా వేడివేడి రొట్టెలు ఎలా అందాయా అని చాలామంది ఆశ్చర్యపోయారు. అది అప్పటికప్పుడు పుట్టిన ఏర్పాటు కాదు. పిండి బస్తాలు ట్రాలీలో వేసుకుని బయల్దేరడం, వంతులవారీగా మనుషులు పోయి వండి వడ్డించడం ఆ ఊళ్ళకి తరాలుగా అలవాటు. ఉద్యమం ఆ అలవాటు మీద నిలబడింది.

పండగలూ పొలం క్యాలెండర్‌నే పట్టుకుని నడుస్తాయి. మనం భోగి మంటలు వేసే రోజుల్లోనే, జనవరి 13న, వాళ్ళకి లోహ్రీ. మంటలో నువ్వులు, బెల్లం, మొక్కజొన్న పేలాలు వేస్తారు. అప్పటికి గోధుమ పైరు పచ్చగా ఉంటుంది. అది కోతకు వచ్చేసరికి ఏప్రిల్ 13న బైసాఖీ. 1699లో గురు గోవింద్ సింగ్ ఆనంద్‌పూర్ సాహిబ్‌లో ఖాల్సాను స్థాపించింది ఆ రోజే. 1919లో జలియన్‌వాలాబాగ్‌లో తూటాలకు బలైనవాళ్ళలో బైసాఖీ కోసం అమృత్‌సర్ వచ్చిన పల్లెజనం ఎందరో. అంటే పంట పండగ, మతం, స్వాతంత్ర్య పోరాటం మూడూ ఒకే తేదీలో ముడిపడ్డాయి. భాంగ్రా కూడా పంట చేతికొచ్చిన సంబరంలోంచి పుట్టిన ఆటే.

వీటిలో వరి ఎక్కడా లేదు. లోహ్రీలోనూ బైసాఖీలోనూ ఉన్నది గోధుమే. ఢాబాల్లో మనం ఆశగా అడిగే ఆవాకు కూర, మొక్కజొన్న రొట్టెల్లోనూ వరి ఊసు లేదు. పాటలకీ తిండికీ ఒక పంట ఉంది, జేబుకి ఇంకో పంట ఉంది.

ఇక నేల సంగతి. బ్రిటిష్‌వాళ్ళు 19వ శతాబ్దం చివర్లో పశ్చిమ పంజాబ్ బీళ్ళకు కాలువలు తవ్వి, తూర్పు జిల్లాల రైతుల్ని తీసుకెళ్ళి అక్కడ దించారు. ఆ బీళ్ళను పొలాలు చేసుకున్నాక, 1906–07లో వాళ్ళ వారసత్వ హక్కును కత్తిరించే చట్టం, నీటి పన్ను పెంపు వచ్చిపడ్డాయి. లాయల్‌పూర్ సభల్లో “పగ్డీ సంభాల్ జట్టా” అన్న పాట మార్మోగింది. “రైతన్నా, నీ తలపాగా కాపాడుకో” అని దాని అర్థం. ఉద్యమాన్ని నడిపిన అజిత్ సింగ్ భగత్ సింగ్‌కి స్వయానా బాబాయి. ఆయన్నీ లాలా లజపతిరాయ్‌నీ బర్మాలోని మాండలే పంపించేశారు కానీ, ఆ చట్టానికి మాత్రం వైస్రాయ్ మింటో ఆమోదం ఇవ్వలేదు. పొలం పోతే తలపాగా పోయినట్టే అన్న భావం అప్పటికే అంత గట్టిది. 2020లో యువకులు ఆ నినాదాన్నే మళ్ళీ ఎత్తుకున్నారు.

## దేశం అడిగింది, వరి వచ్చింది

1947లో పశ్చిమం నుంచి వచ్చిన హిందూ, సిక్కు రైతులు అక్కడ వదిలేసి వచ్చిన నేల, ఇక్కడి ముస్లింలు వదిలి వెళ్ళిన నేల కన్నా ఎక్కువ. పైగా అక్కడిది కాలువ కింది భూమి. పునరావాస అధికారులు నేల సారాన్ని బట్టి ఒక ప్రామాణిక ఎకరం లెక్క కట్టారు. పెద్ద కమతాలకు పెద్ద కోత, చిన్నవాటికి చిన్న కోత వేసి పంచారు. అన్నీ పోగొట్టుకుని సున్నా నుంచి మొదలెట్టిన ఆ తరం చేతికే తర్వాతి ఇరవయ్యేళ్ళలో కొత్త పనిముట్లు అందాయి. 1962లో లూధియానాలో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1963లో భాక్రా డ్యామ్ ప్రారంభం, 1965లో ధాన్యం కొని నిల్వ చేసే కేంద్ర సంస్థ ఎఫ్‌సీఐ, 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం.

అప్పట్లో దేశానికి అమెరికా గోధుమ ఓడల మీద వస్తేనే రేషన్. ఆ అవమానం నుంచి బయటపడటానికి కేంద్రం ఒక మాట ఇచ్చింది. మీరు పండించండి, మేం చెప్పిన ధరకి కొంటాం అని. కనీస మద్దతు ధర అంటే ఇదే. ఈ మాట చాలా పంటలకు కాగితం మీద ఉంటుంది. పంజాబ్‌లో గోధుమకీ వరికీ మాత్రం నిజంగా ప్రభుత్వమే వచ్చి కొంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సులువు.

గోధుమ వాళ్ళకి పాత చుట్టం. వరి అలా కాదు. 1960–61లో పంజాబ్‌లో వరి రెండుంబావు లక్షల హెక్టార్లకు మించలేదు. ఇప్పుడు 30 లక్షలు దాటింది. ఐఆర్-8 లాంటి పొట్టి వరి రకాలు, బోరు బావులు, ఎఫ్‌సీఐ కొనుగోలు మూడూ కలిసి తెచ్చిన మార్పు అది. ఆ ఐఆర్-8ను దేశంలో తొలిగా వేసి చూపించిన రైతుల్లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు ఒకరు. మనకి తరతరాల పంట అయిన వరి అలా కొత్త రూపంలో పంజాబ్ దాకా వెళ్ళింది. ఆ జోరులో శనగ, సజ్జ, వేరుశనగ తగ్గిపోయాయి. 1970ల మొదట్లో ఐదు లక్షల హెక్టార్లకు పైగా ఉన్న మొక్కజొన్న సుమారు లక్షకు పడిపోయింది.

దేశం నేలలో ఒకటిన్నర శాతమే పంజాబ్‌ది. అయినా 2025లో కేంద్ర నిల్వల కోసం అక్కడ కొన్న గోధుమ సుమారు 120 లక్షల టన్నులు. దానికి ముందు సీజన్‌లో కొన్న వడ్లు 170 లక్షల టన్నులకు పైనే. ఆ బియ్యంలో చాలా భాగం రైలెక్కి వేరే రాష్ట్రాల రేషన్ షాపులకు పోతుంది.

## ఐదు కిల్లాల లెక్క

“వరి మానేయొచ్చుగా” అనే ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది. మద్దతు ధరలు నిజమైనవి. దిగుబడి, ఖర్చు, కౌలు మాత్రం అర్థం కావడానికి నేను అనుకున్న అంకెలు. పొలాన్ని బట్టి ఇవి మారతాయి.

ఎకరానికి వడ్లు 28 క్వింటాళ్ళు అనుకుందాం. 2025–26 గ్రేడ్-ఏ మద్దతు ధర 2,389 రూపాయలు. అంటే 66,892. గోధుమ 20 క్వింటాళ్ళు, 2025లో ధర 2,425. అంటే 48,500. రెండూ కలిపి లక్షా 15 వేలు. విత్తనం, ఎరువులు, డీజిలు, మందులు, కూలి, కోత కింద వరికి 20 వేలు, గోధుమకి 15 వేలు తీసేస్తే ఎకరానికి 80 వేలు మిగులుతాయి. ఐదు కిల్లాలు సొంతంగా ఉన్న కుటుంబానికి ఏడాదికి నాలుగు లక్షలు, నెలకు 33 వేల పైచిలుకు.

ఇప్పుడు అవే ఐదు కిల్లాలు థేకాకి తీసుకున్నవాడిని చూద్దాం. ఎకరానికి 65 వేలు కౌలు కడితే మిగిలేది 15 వేలు. ఐదెకరాలకు 77 వేలు, నెలకు 6,400. అదే పొలం, అదే పంట, అదే కష్టం. పండించే చెయ్యి మారితే బతుకే మారిపోయింది.

వీళ్ళిద్దరూ వరి బదులు మొక్కజొన్న వేశారనుకోండి. 2025–26లో దాని మద్దతు ధర 2,400. కానీ కొనే నాథుడు లేక మండీలో, అంటే మార్కెట్ యార్డులో, 1,800కి అమ్ముకోవాల్సి వచ్చిందనుకుందాం. 18 క్వింటాళ్ళకు 32,400. ఖర్చు 15 వేలు పోతే 17,400. వరి మీద మిగిలేది దాదాపు 47 వేలు. ఎకరానికి 29 వేల పైన తేడా. సొంత పొలం ఉన్నవాడు గుడ్లు తేలేస్తాడు గానీ బతికి బట్టకడతాడు. కౌలుదారు ఎకరానికి 14 వేలు ఎదురు పెట్టుకుంటాడు. వరి నుంచి మొక్కజొన్నకు మారితే హెక్టారుకు 17,500 రూపాయలు ఇస్తామని 2025లో రాష్ట్ర ప్రభుత్వం కొన్ని జిల్లాల్లో పథకం పెట్టింది. ఎకరానికి చూస్తే అది ఏడు వేలు. మన లెక్కలోని గుంత 29 వేలు.

మొదటి ప్రశ్నకూ ఇక్కడే జవాబుంది. 2018–19 జాతీయ నమూనా సర్వే ప్రకారం పంజాబ్ రైతు కుటుంబం నెలసరి ఆదాయం 26,701 రూపాయలు. దేశ సగటు 10,218, ఆంధ్రప్రదేశ్ 10,480, తెలంగాణ 9,403. చూడటానికి పెద్ద తేడానే. కానీ సగటు కమతం పంజాబ్‌లో 3.62 హెక్టార్లు, దేశంలో 1.08. నేల మూడు రెట్లకు పైగా ఉంటే ఆదాయం రెండున్నర రెట్లు ఉంది. ఆ సగటులో మన కౌలుదారు ఎక్కడా కనిపించడు. అదే సర్వేలో పంజాబ్ రైతు కుటుంబం సగటు అప్పు రెండు లక్షలు దాటింది. ఇందులో మనం గర్వపడటానికేం లేదు, ఆంధ్రప్రదేశ్ రైతుది రెండున్నర లక్షలకు దగ్గరగా ఉండి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. పంజాబ్‌లోని మూడు విశ్వవిద్యాలయాలు కలిసి ఊరూరా తిరిగి చేసిన సర్వేలో 2000 నుంచి 2015 వరకు 16 వేలకు పైగా రైతులు, రైతుకూలీలు ఆత్మహత్య చేసుకున్నట్టు తేలింది. ధాన్యాగారం అన్న బిరుదు పక్కన ఈ అంకె కూడా పెట్టి చూడాలి.

## అడ్తీ: అప్పిచ్చేవాడా, దళారీనా?

వరంగల్, ఖమ్మం మార్కెట్లు తెలిసినవాళ్ళకి అడ్తిదారు అన్న మాట కొత్త కాదు. పంజాబ్ మండీలోనూ వాడే కీలకం. రైతు తెచ్చిన ధాన్యాన్ని దింపించి, ఆరబోయించి, తూర్పార పట్టించి, తూకం వేయించి ప్రభుత్వ ఏజెన్సీకి అప్పజెబుతాడు. అందుకు చాలాకాలం రెండున్నర శాతం కమీషన్ ఉండేది. దాని పైన మార్కెట్ ఫీజు, గ్రామీణాభివృద్ధి ఫీజు మూడేసి శాతం. పొలాల నుంచి మండీకి వెళ్ళే లింకు రోడ్లు చాలావరకు ఆ డబ్బుతోనే పడ్డాయి.

అడ్తీ అసలు పట్టు అప్పులో ఉంది. కూతురి పెళ్ళికైనా, ఆసుపత్రికైనా, బోరు మోటారు కాలిపోయినా అర్ధరాత్రి తలుపు తడితే డబ్బిచ్చేవాడు అతనే. కాగితాలు అడగడు. వడ్డీ మాత్రం బ్యాంకు కన్నా బాగా ఎక్కువ. పంట అమ్మిన డబ్బు ఒకప్పుడు అతని చేతి మీదుగానే వచ్చేది కాబట్టి అప్పు అక్కడే పట్టుకునేవాడు. 2021 రబీ నుంచి డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడుతోంది. అయినా అప్పు బంధం తెగలేదు.

2020లో కేంద్రం తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాల గొడవ అర్థం కావాలంటే ఇది తెలియాలి. ఆ మూడింటిలో మొదటిది మండీ బయట ఫీజు లేకుండా ఎవరైనా కొనొచ్చు అంది. రెండోది ఒప్పంద సేద్యానికి దారి వేసింది. మూడోది వ్యాపారుల నిల్వల మీద పరిమితుల్ని సడలించింది. సమర్థించినవాళ్ళ వాదన ఇదీ: రైతు ఒక్క మండీకే ఎందుకు కట్టుబడాలి? ఫీజులు, కమీషన్లు తగ్గితే మంచి ధర వస్తుంది, ప్రైవేటు గోదాములు వస్తాయి. వ్యతిరేకించినవాళ్ళ భయం వేరు. బయట ఫీజు లేకపోతే మొదటి రెండేళ్ళు వ్యాపారం అటు పోతుంది, మండీ ఎండిపోతుంది, మద్దతు ధరకి కొనే చోటే మాయమవుతుంది. దానికి వాళ్ళు బీహార్‌ను చూపించారు. అక్కడ 2006లో మార్కెట్ చట్టం రద్దు చేశాక రైతు మద్దతు ధర కన్నా తక్కువకే వడ్లు అమ్ముకోవడం మామూలైపోయింది. 2021 నవంబర్ 19న, గురునానక్ జయంతి రోజున, చట్టాలు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రధాని ప్రకటించారు. తేదీ ఎంపికలోనే పంజాబ్‌కి ఒక సందేశం ఉంది.

## నీళ్ళు కాపాడిన చట్టం పొగ ఎలా తెచ్చింది?

1997 నుంచి, మధ్యలో కొద్దికాలం తప్ప, పంజాబ్ రైతుకి బోరు కరెంటు ఉచితం. ఉమ్మడి ఆంధ్రలో 2004లో మొదలైన ఉచిత కరెంటు కథకి ఇది అన్న లాంటిది. బోర్లు 14 లక్షల దాకా చేరాయి. భూమిలోకి ఇంకే నీటి కన్నా తోడేది ఒకటిన్నర రెట్లకు మించింది. దాదాపు 150 బ్లాకుల్లో 115 చోట్ల అతిగా తోడేస్తున్నట్టు కేంద్ర భూగర్భజల సంస్థ లెక్క. పంజాబ్‌లో కిలో బియ్యానికి అయిదు వేల లీటర్ల పైన నీళ్ళు ఖర్చవుతున్నాయని మద్దతు ధరలు సిఫార్సు చేసే కేంద్ర కమిషన్ చెప్పింది.

ఏప్రిల్, మే ఎండల్లో నాట్లు వేస్తే నీళ్ళు ఆవిరైపోతాయి. అందుకని 2009లో ప్రభుత్వం చట్టం తెచ్చింది, జూన్ 10కి ముందు నాట్లు వేయకూడదని. తర్వాత ఒక దశలో అది జూన్ 20 దాకా జరిగింది. నాట్లు వెనక్కి జరిగితే కోతలూ వెనక్కి జరుగుతాయి కదా. అక్టోబర్ చివర్లో వరి కోసి, నవంబర్ మధ్యకల్లా గోధుమ విత్తాలి. మధ్యలో రెండు మూడు వారాలే. మిషన్ కోసిన మడిలో మోకాటి ఎత్తు మోళ్ళు, పైన చిందరవందరగా గడ్డి. అగ్గిపుల్ల గీస్తే ఒక్క పూటలో పొలం శుభ్రం.

ఇక్కడ తెలుగు రైతుకి వెంటనే వచ్చే అనుమానం ఒకటుంది. అంత వరిగడ్డి తగలబెట్టడమేంటి, పశువులకి వేసుకోవచ్చుగా? మన పెరట్లో గడ్డివాము అంటేనే వరిగడ్డి. పంజాబ్ గేదెకి అలవాటైన మేత గోధుమ పొట్టు, దాన్ని తూడీ అంటారు. బాస్మతి గడ్డి కొంత వాడతారు గానీ, మామూలు వరిగడ్డిని మేతగా పెద్దగా లెక్కలోకి తీసుకోరు. మనుషుల కంచంలోకి సరిగా రాని వరి పశువుల గాడిలోకీ రాలేదు. ఏటా సుమారు రెండు కోట్ల టన్నుల గడ్డి అలా దిక్కులేనిదైంది.

ఉపగ్రహాల లెక్కలో ఈ మంటలు 2020లో 83 వేలు ఉంటే, 2024కి 11 వేలకు తగ్గాయి. యంత్రాలకు రాయితీ, కేసులు, తక్కువ రోజుల్లో పండే పీఆర్-126 లాంటి వరి రకాలు పనిచేశాయని ప్రభుత్వం అంటుంది. ఉపగ్రహం దాటిపోయాక సాయంత్రం కాల్చేవాళ్ళు లెక్కకి రావడం లేదని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. రెండింటిలోనూ నిజం ఉండొచ్చు. 2024 అక్టోబర్‌లో తేమ ఎక్కువుందని, గోదాములు ఖాళీ లేవని మండీల్లో ధాన్యం పేరుకుపోయింది. దాంతో 2025లో నాట్లను జూన్ 1కే మొదలుపెట్టనిచ్చారు. నీటి నిపుణులు నెత్తి కొట్టుకున్నారు. నీళ్ళకోసం వెనక్కి జరిపిన తేదీ మండీకోసం ముందుకొచ్చింది.

## ఒళ్ళు వంచేది ఎవరు?

పంజాబ్ రైతు అనగానే మన కళ్ళ ముందు మెదిలేది ట్రాక్టర్ మీద కూర్చున్న జాట్ కులపు సిక్కు. పాటలూ వీడియోలూ ఆ బొమ్మనే పదేపదే చూపిస్తాయి. బొమ్మ బయట ఉన్నవాళ్ళు చాలామంది.

2011 జనగణన ప్రకారం పంజాబ్ జనాభాలో దళితులు దాదాపు 32 శాతం. ఏ రాష్ట్రంలోనూ ఇంత వాటా లేదు. వాళ్ళ చేతుల్లో ఉన్న కమతాలు మాత్రం మూడు నాలుగు శాతమే. ఒకప్పుడు వాళ్ళు సీరీలుగా, ఏడాది ఒప్పందం మీద పంటలో కొంత వాటాకి పనిచేసేవారు. మన పాలేరుకి దగ్గరి మాట, కానీ సీరీ అంటే అసలు అర్థం భాగస్వామి. యంత్రాలు వచ్చాక ఆ భాగస్వామ్యం రోజు కూలీగా కరిగిపోయింది. పంచాయతీ ఉమ్మడి భూముల్లో మూడో వంతు కౌలు దళితులకే ఇవ్వాలని నిబంధన ఉన్నా, పెద్ద రైతులు బినామీలతో పాడేవారు. సంగ్రూర్ వైపు 2014 నుంచి జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ దీనిమీద పోరాడుతోంది. కొన్ని ఊళ్ళలో దళిత కుటుంబాలు ఆ భూమి దక్కించుకుని ఉమ్మడిగా సాగు చేస్తున్నాయి. వాళ్ళకి మొదట దొరికిన లాభం గొడ్డుకి పచ్చిమేత. ఇంకొకరి గట్టు మీద గడ్డి కోస్తూ మాట పడాల్సిన అవసరం తప్పింది.

వరి నాట్లు వేసేది ఎక్కువగా బీహార్, ఉత్తరప్రదేశ్ కూలీలు. 2020 లాక్‌డౌన్‌లో వాళ్ళు రాలేకపోయేసరికి, ఊరి కూలీలు రేటు పెంచమన్నారు. కొన్ని పంచాయతీలు ఇంతకు మించి ఇవ్వకూడదని తీర్మానాలు చేశాయి. చాలామంది రైతులు దమ్ము చేయకుండా నేరుగా విత్తనం వేసే పద్ధతికి మారారు. ఆడవాళ్ళ సంగతి చెప్పాలంటే, పాడి పనంతా వాళ్ళదే, పట్టాలో పేరు మాత్రం అరుదు. ఢిల్లీ సరిహద్దులోని టిక్రీ శిబిరంలో 2021 మార్చి 8న వేలమంది పసుపు చున్నీలు వేసుకుని కూర్చున్నప్పుడు “మహిళా రైతు” అన్న మాట వార్తల్లోకి గట్టిగా వచ్చింది.

కాబట్టి “సేద్యం పంజాబీలను నిలబెడుతోంది” అన్నప్పుడు ఏ పంజాబీలను అని అడగాలి. భూమి ఉన్నవాళ్ళకి అది గౌరవం, హామీ, అప్పు పుట్టే పూచీకత్తు. భూమి లేనివాళ్ళకి ఏడాదిలో కొన్ని వారాల కూలి.

## కిల్లా అమ్మితే కెనడా

మనవైపు ఎకరం అమ్మి కొడుకుని ఎమ్మెస్‌కి పంపినట్టే, అక్కడ కిల్లా అమ్మో తాకట్టు పెట్టో కెనడా పంపుతారు. చిన్న టౌన్లలో కూడా “ఐలెట్స్” అనే ఇంగ్లీషు పరీక్ష కోచింగ్ బోర్డులే. ఆ పరీక్ష పాసైన అమ్మాయికి అబ్బాయి తరఫువాళ్ళు ఫీజు కట్టి పెళ్ళి చేసుకునే ఒప్పందాలు కూడా ఉన్నాయి. 2024లో కెనడా విద్యార్థి వీసాలకు పరిమితి పెట్టాక ఈ లెక్కలు తలకిందులయ్యాయి.

ఈ వలసలో ఒక విచిత్రం ఉంది. ఇక్కడి పొలం వదిలి పోయినవాళ్ళు అక్కడా పొలంలోనే దిగారు. నూరేళ్ళ కిందట కాలిఫోర్నియా వెళ్ళినవాళ్ళు యూబా సిటీ చుట్టూ పండ్ల తోటలు పెట్టారు. 1913 చట్టం ఆసియా వాళ్ళ భూమి హక్కుకు అడ్డుపడితే, ఇతరుల పేర్ల మీద సాగు చేశారు. ఇటలీలో చీజుకి పాలిచ్చే ఆవుల కొట్టాల్లో ఇవాళ పనిచేసేవాళ్ళలో పంజాబీలు చాలామంది.

దోఆబా ఊళ్ళలో ఇళ్ళ కప్పుల మీద నీళ్ళ ట్యాంకులు విమానాల ఆకారంలో, ట్రాక్టర్ల ఆకారంలో కనిపిస్తాయి. కింద గేటుకి తాళం. పొలం థేకాకి ఇచ్చి ఉంటుంది. ఎకరానికి 65 వేలు కట్టే మన కౌలుదారు అలాంటి వాళ్ళ నేలే దున్నుతుండొచ్చు.

## మద్దతు ధరకి చట్టం కావాలా?

పంట మార్చాలనే సలహా నిన్నమొన్నటిది కాదు. 1986లోనే ఆర్థికవేత్త సర్దారా సింగ్ జోహల్ కమిటీ గోధుమ, వరి కింద ఉన్న నేలలో ఐదో వంతు వేరే పంటలకు మళ్ళించమంది. తర్వాత వరి తగ్గలేదు సరికదా, పెరిగింది. రైతు సంఘాల వాదన: మిగతా పంటలకూ చట్టబద్ధంగా మద్దతు ధర హామీ ఇస్తే వరి దానంతటదే తగ్గుతుంది. మన మొక్కజొన్న లెక్కలో 1,800 బదులు 2,400 వస్తే గుంత 29 వేల నుంచి 19 వేలకు దిగుతుంది. తగ్గుతుంది, పూడదు. ఎదుటివాళ్ళ వాదన: ప్రైవేటు వ్యాపారి ఆ ధరకి కొనకపోతే అంతా ప్రభుత్వమే కొనాలి, అంత డబ్బూ అన్ని గోదాములూ లేవు. ఉచిత కరెంటు ఉన్నంతకాలం వరికి పోటీ ఉండదు కాబట్టి ముందు దాని సంగతి చూడాలి. ఆ సబ్సిడీ ఏటా 10 వేల కోట్ల రూపాయల దగ్గర ఉంది. రెండు వైపులా లెక్క ఉంది. నాకైతే కరెంటు సబ్సిడీని తీసేయకుండా, వరి వదిలినవాడికి అదే డబ్బు చేతికిచ్చే దారిని ఇంకా గట్టిగా ప్రయత్నించాల్సింది అనిపిస్తుంది.

ప్రభుత్వం కొనడం ఆపేస్తే ఏమవుతుందో చూడాలంటే సరిహద్దు అవతలికి చూస్తే చాలు. 2024లో పాకిస్తాన్ పంజాబ్ ప్రభుత్వం 40 కిలోల గోధుమకి 3,900 పాకిస్తానీ రూపాయలని ప్రకటించి, తీరా కోతలయ్యాక కొనుగోలుకి ముఖం చాటేసింది. ధర 3,000 చుట్టుపక్కలకి జారింది. లాహోర్‌లో రైతులు రోడ్డెక్కితే అరెస్టులు జరిగాయి. అదే భాష, అవే నదులు, అదే కనక్.

2025 ఎండాకాలంలో ఇవతలి పంజాబ్ ప్రభుత్వం పట్టణాల చుట్టూ 65 వేల ఎకరాల దాకా భూ సమీకరణ చేస్తామంది. ఎకరం ఇస్తే వెయ్యి గజాల ఇంటి స్థలం, 200 గజాల వాణిజ్య స్థలం. అమరావతి గుర్తున్నవాళ్ళకి ఈ అంకెలు ఎక్కడో విన్నట్టే ఉంటాయి. 2015లో అక్కడ 30 వేల ఎకరాలకు పైగా వచ్చాయి, తర్వాత ఆ ప్లాట్ల కోసం రైతులు ఏళ్ళ తరబడి రోడ్డెక్కాల్సి వచ్చింది. పంజాబ్‌లో ఊళ్ళకి ఊళ్ళు వద్దన్నాయి. హైకోర్టు స్టే ఇచ్చింది, ఆగస్టు 11న ప్రభుత్వం విధానాన్నే వెనక్కి తీసుకుంది. ఆ నెలాఖరుకి వరదలొచ్చాయి, చివరికి అన్ని జిల్లాలనూ వరద బాధిత జిల్లాలుగా ప్రకటించాల్సి వచ్చింది. పొలాల్లో మేట వేసిన ఇసుకని రైతే తీసి అమ్ముకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. “ఎవరి పొలమో, వాళ్ళదే ఇసుక” అని దానికి పేరు.

తెలంగాణలో యాసంగి వరి కోతకు వచ్చేది ఏప్రిల్‌లో. పంజాబ్‌లో గోధుమ కోతా అప్పుడే. కొన్ని మిషన్లు అక్కడ ఆగిపోతాయి, కొన్ని ఇక్కడ దిగుతాయి. ఇక్కడ దిగిన డ్రైవర్ బైసాఖీ రోజున కూడా మన మడిలోనే ఉంటాడు, వరి కోస్తూ.